పాత బాత్‌టబ్ తీసి షవర్ పెట్టాలి – ముందు ఏది విప్పాలి? (కర్నూలు, మొదటి అంతస్తు)

#1 తుంగభద్ర_గట్టు

అందరికీ నమస్కారం. కర్నూలులో మొదటి అంతస్తు బాత్‌రూములో పాత తెల్ల టబ్ ఉంది. పొడవు 5.5 అడుగులు, వెడల్పు 2.5 అడుగులు, ఎత్తు 17 అంగుళాలు. మూడు పక్కల గోడ, ముందు పక్క ఇటుక కట్టి టైల్స్ వేశారు. పెద్దవాళ్ళు దాని అంచు దాటలేకపోతున్నారు. పైగా దాన్ని నింపేటన్ని నీళ్ళు మన ఊళ్ళో ఎండాకాలం ఎక్కడివి? అందుకే తీసేసి అదే చోట షవర్ పెట్టాలనుకుంటున్నాం.

తలుపు ఫ్రేము లోపలి కొలత 26 అంగుళాలు. దాటగానే 3 అడుగుల నడవ, అక్కడే మలుపు. కింద హాల్లో సరిగ్గా టబ్ కిందే సీలింగుకు నిమ్ము మరక ఉంది. మేస్త్రి మాత్రం "సమ్మెట తెచ్చి గంటలో పగలగొట్టి పారేస్తాం సార్" అంటున్నాడు. సరేనని చెప్పొచ్చా?

#2 కొండారెడ్డి_బురుజు

గంటలో పగలగొడతాడు, అందులో అబద్ధం లేదు. ట్రాపులో (నీళ్ళు పోయే పైపు వంపులో) ఇటుక ముక్కలు పడి నీళ్ళు దిగకుండా పోతే మాత్రం ఆ మేస్త్రి ఫోన్ ఎత్తడు.

#3 రసమట్టం

సరే అనే ముందు ఆ టబ్ దేంతో చేసిందో తేల్చుకోండి. పని పద్ధతి మొత్తం దాని మీదే ఉంటుంది. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోకపోతే అక్రిలిక్ లేదా ఫైబర్ గ్లాస్. 25–35 కిలోలకు మించదు, ఇద్దరు ఎత్తేస్తారు. అంటుకుంటే ఇనుమే, కానీ అందులో రెండు రకాలు. వేలి కణుపుతో కొట్టినప్పుడు పల్చగా రేకులా మోగితే ప్రెస్ చేసిన స్టీలు, బరువు 30–50 కిలోలు. మొద్దుగా, బండను కొట్టినట్టు శబ్దం ఆగిపోతే పోత ఇనుము. 5.5 అడుగుల పోత ఇనుప టబ్ 120 నుంచి 160 కిలోల దాకా తూగుతుంది.

నాలుగో రకం కూడా ఉంది. అసలు టబ్ ఉండదు, ఇటుకతో తొట్టి కట్టి లోపల మొజాయిక్ గానీ టైల్స్ గానీ వేసి ఉంటారు. అది టబ్ తీయడం కాదు, గోడ పగలగొట్టడం.

ఇక మీ మరక. అది టబ్ కిందే ఉందంటే మూడు అనుమానాలు. టబ్ అంచుకూ గోడ టైలుకూ మధ్య తెల్ల సిమెంటు విడిపోయి నీళ్ళు వెనక్కి దిగుతుండొచ్చు. వేస్ట్ కప్లింగ్ (టబ్ నీళ్ళు పోయే నోటి దగ్గరి జాయింటు) కింద వాషర్ ఎండిపోయి ఉండొచ్చు. లేదా గోడలో జీఐ పైపు (జింకు పూత ఉన్న ఇనుప పైపు) తుప్పు పట్టి ఉండొచ్చు. ఏదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష చాలు. రాత్రి అందరూ పడుకునే ముందు గోడలు తడవకుండా టబ్‌లో సగం నీళ్ళు పట్టి, బిరడా పెట్టి వదిలేయండి. పొద్దుటికి టబ్‌లో మట్టం తగ్గితే బిరడా దగ్గరే కారుతోంది. తగ్గకపోతే బిరడా తీసి ఒక్కసారిగా వదిలి కింద సీలింగు చూడండి. అప్పుడు మరక తడిస్తే తప్పు వేస్ట్ పైపుది. రెండింటికీ తడవక, షవర్ వాడిన రోజే తడిస్తే అంచు జాయింటుది. వాడినా వాడకున్నా ఎప్పుడూ తడిగానే ఉంటే జీఐ లైనుది. టబ్ తీసేశాక ఈ పరీక్ష చేయడానికి వీలుండదు.

#4 తుంగభద్ర_గట్టు

అయస్కాంతం అంటుకుంది, శబ్దం మొద్దుగా ఉంది. పోత ఇనుమే. రాత్రి నీళ్ళు పెట్టి చూస్తే టబ్‌లో మట్టం అట్లే ఉంది. వదిలిన తర్వాత మరక ముదిరింది.

#5 పైపు_పానా

అయితే వేస్ట్ పైపేనన్నా. అనంతపురం పక్క పాత ఇండ్లలో గూడ ఇదే కత. టబ్ కింద ఒకటిన్నర అంగుళం పైపు, దానికి ట్రాపు ఉంటాది, లేకుంటే నేరుగా నహాని ట్రాపులోకి (నేలలో జాలీ కింద ఉండే ట్రాపు) వదిలింటారు. జాయింటు సిమెంటుతో మూసింటారు. అది పగుళ్ళిచ్చి నీళ్ళు ఇసుకలోకి పోతాయి.

సమ్మెట ముట్టుకునే ముందు చేయాల్సింది చెప్తా. మిద్దె మీద సింటెక్స్ ట్యాంకు కాడ గేట్ వాల్వు కట్టేయాల. పాత వాల్వు పూర్తిగా మూసుకోదు, బొట్లు బొట్లు వస్తానే ఉంటాది. దాన్ని నమ్మొద్దు, ట్యాంకు ఖాళీ చేసి పెట్టుకోండి. గీజరుకు ఎంసీబీ (కరెంటు బోర్డులో బ్రేకరు స్విచ్) ఆపి, వేడి నీళ్ళు చల్లారినాక కింది నుంచి ఖాళీ చేయాల. నీళ్ళు లేని గీజరుకు పొరపాటున స్విచ్ వేస్తే ఎలిమెంటు కాలిపోతాది. అందుకే ఎంసీబీ మీద టేపు అతికించి "వేయొద్దు" అని రాసి పెట్టాల.

తర్వాత మిక్సర్ విప్పాల. ఈడ చానా మంది చెడగొట్టుకుంటారు. పాత వాల్ మిక్సరుకు గోడలో జీఐ ఎల్బో ఉంటాది. మిక్సర్ కాలును ఒక్క పానాతో గట్టిగా తిప్పితే కాలు రాదు, గోడలో ఎల్బో తిరుగుతాది. ఆ ఎల్బో తిరిగితే అవతల మరలో పగులు. అట్ల కాకుండా ముందు చుట్టూ రెండంగుళాల టైలు, ప్లాస్టరు తీసి ఎల్బో బయటపడేటట్టు చేసుకొని, దాన్ని ఒక పానాతో పట్టుకొని ఇంకో పానాతో కాలు విప్పాల. రానంటే తుప్పు వదిలే నూనె పోసి రాత్రంతా వదిలేయి. విప్పినాక రెండు నోళ్ళకూ జీఐ ప్లగ్గు టెఫ్లాన్ టేపు చుట్టి బిగించాల, గుడ్డ కుక్కొద్దు.

నేనైతే ఆ జీఐ లైను మొత్తం తీసేయమనే చెప్తా. మన బోరు నీళ్ళకు అర అంగుళం జీఐలో లోపల సున్నం కట్టి పెన్సిలు పట్టేంత బొక్కే మిగిలింటాది. టైల్స్ కొత్తవి వేసి లోపల పాత పైపు ఉంచేది ఎందుకు?

#6 కడప_బండ

పైపు_పానా అన్న చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఆ టబ్ అంచు గోడ టైలు కిందికి వెళ్ళి ఉంటుంది. ముందు టబ్ అమర్చి, తర్వాతే దాని అంచు మీదికి టైలు దింపుతారు. అందువల్ల కింది వరుస టైలు తీయకుండా టబ్ పైకి లేవదు. గడ్డపార వేసి లేపితే గోడ ప్లాస్టరు పెచ్చులు పెచ్చులుగా ఊడి వస్తుంది. అంచు నుంచి పైకి 4 అంగుళాల దగ్గర గీత గీసి, గ్రైండరుకు డైమండ్ బ్లేడు పెట్టి ఆ గీత వెంట ప్లాస్టరు దాకా కోయండి. ఆ తర్వాత ఉలితో ఆ పట్టీ మాత్రం తీయండి. పై టైల్స్ ఉంచుకునే ఉద్దేశం ఉంటే ఈ కోత తప్పనిసరి. కొత్తవి వేస్తుంటే కోత అక్కర్లేదు, మొత్తం ఊడదీయొచ్చు.

ముందు గోడకు ఎక్కడో ఒక టైలు తట్టితే డొల్లగా మోగుతుంది. వేస్ట్ పక్కన ఉండే చివర చూడండి. అది తనిఖీ కోసం వదిలిన చిన్న తలుపు. దాన్నే మొదట తీయండి. లేకపోతే ఆ చివరే పై నుంచి ఒక్కొక్క ఇటుక తీస్తూ రండి. కింది నుంచి తన్నితే గోడ టబ్ మీదే పడుతుంది.

#7 హంద్రి_ఒడ్డు

గ్రైండర్ వాడేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపి, దాని రంధ్రం గుడ్డతో మూయండి. లేకుంటే ఆ దుమ్ము ఫ్యాను మోటారులోకి పోతుంది. తలుపుకు తడిపిన పాత దుప్పటి కట్టండి. ఎన్95 మాస్కు తప్పనిసరి. టైలు, ఇటుక దుమ్ములో సిలికా ఉంటుంది, కర్చీఫు దాన్ని ఆపదు.

#8 పైపు_పానా

వేస్ట్ విప్పేది. టబ్ లోపల జాలీ కింద అడ్డంగా కమ్మీలు ఉంటాయి చూడు. రెండు ప్లయర్ల మొనలు దాంట్లో దూర్చి, మధ్యలో స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి ఎడమకు తిప్పితే విప్పుకుంటాది. పాతదైతే కమ్మీలు తిప్పితానే విరిగిపోతాయి. అప్పుడు హ్యాక్సా బ్లేడుకు గుడ్డ చుట్టి చేత్తో పట్టుకొని, కప్లింగ్ లోపలి పక్క నుంచి రెండు చోట్ల గాటు పెట్టాల. గాటు ఇత్తడి వరకే. ఉలితో ఆ ముక్క లోపలికి వంచితే మిగతాది వదులై వస్తాది. టబ్ ఎట్లా పాత ఇనుముకే పోతాది గాబట్టి దాని నోరు పాడైనా బాధ లేదు, కింద పైపు మాత్రం కదలకూడదు. ఓవర్‌ఫ్లో పైపు పైన ఒక స్క్రూ, వెనక ఒక నట్టు, అంతే.

పైపు నోరు తెరిచిన నిమిషంలోనే మూయాల. గుడ్డ ఉండ చుట్టి, దానికి తాడు కట్టి, తాడు బయటికి వదిలి, పైన పాలిథీన్ కవరు కట్టి టేపు చుట్టండి. తాడెందుకంటే ఆ ఉండ లోపలికి జారితే తీసేదానికి. కవరెందుకంటే మురుగు గ్యాసుకూ బొద్దింకలకూ.

#9 రసమట్టం

ఆ పైపు బూడిద రంగులో, సిమెంటులా గరుకుగా ఉంటే ఆగండి. ఆ రోజుల్లో మురుగు లైన్లకు ఆస్బెస్టాస్ సిమెంటు పైపులు బాగా వాడారు. దానికి గ్రైండర్ పెట్టకూడదు, పొడిగా రంపంతో కోయనూ కూడదు. ఆ పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే మళ్ళీ బయటికి రావు. బాగా తడిపి, కాలర్ జాయింటు దగ్గర మాలు రాల్చి ముక్కకు ముక్క విడదీయండి. మందపాటి పాలిథీన్‌లో చుట్టి విడిగా పెట్టండి, మిగతా రబ్బీసులో (పగలగొట్టిన ఇటుక, మాలు వ్యర్థాల్లో) కలపొద్దు.

ఇక టబ్‌ను బయటికి తేవడం. తలుపు 26 అంగుళాలు, టబ్ వెడల్పు 30. పడుకోబెట్టి రాదు. పక్కకు తిప్పి నిలబెడితే 17 అంగుళాలే కాబట్టి తలుపు దాటుతుంది. చిక్కంతా తర్వాత, 66 అంగుళాల పొడవు 36 అంగుళాల నడవలో తిరగదు. నమ్మకం కుదరకపోతే అట్టపెట్టె విప్పి 66 × 17 అంగుళాల ముక్క కోసి నేల మీద జరిపి చూడండి. తలుపు ఫ్రేముకూ ఎదురు గోడకూ మధ్య ఇరుక్కుంటుంది. తిరగాలంటే టబ్‌ను నిలువుగా లేపాలి. 140 కిలోల ఇనుమును ఇరుకు నడవలో నిలువుగా పట్టుకోవడం నలుగురికి కూడా భద్రం కాదు. పట్టు జారితే కాలు పోతుంది, లేదా మెట్ల కమ్మీ పోతుంది.

కాబట్టి లోపలే ముక్కలు చేయాలి.

#10 కొండారెడ్డి_బురుజు

చివరికి మేస్త్రి చెప్పిందే కదా సార్, సమ్మెట.

#11 రసమట్టం

పగలగొట్టడమే, కానీ ఎడాపెడా కాదు. పోత ఇనుము వంగదు, చిట్లుతుంది. దానికి బలమంతా పై అంచులో ఉంటుంది. ఆ అంచు గట్టిగా ఉన్నంతసేపు సమ్మెట దెబ్బ ఇనుము తీసుకోదు, కిందికి స్లాబుకు దిగుతుంది. అప్పుడే కింద హాల్లో పూత రాలుతుంది, పీవోపీ సీలింగు ఉంటే జాయింట్లు విచ్చుకుంటాయి.

చుట్టూ ఇటుక తీసేశాక టబ్‌ను గడ్డపారతో కాస్త పైకి లేపి, కింద రెండు చోట్ల చెక్క దిమ్మెలు, వాటి మీద ఇసుక సంచులు పెట్టండి. 4 అంగుళాల గ్రైండరుకు లోహం కోసే పల్చని డిస్కు పెట్టి, టబ్ సగం పొడవు దగ్గర రెండు పక్కలా అంచును పూర్తిగా కోసేయండి. అక్కడి నుంచి కడుపు కిందిదాకా రెండు మిల్లీమీటర్ల లోతు గాటు పెడితే చాలు. తర్వాత టబ్ మీద తడి గోనెసంచులు రెండు పొరలు కప్పి, 2 కిలోల సుత్తితో ఆ గాటు వెంబడి కొట్టుకుంటూ పోండి. గాటు వెంట చీలుతుంది. అప్పుడు రెండు ముక్కలు, ఒక్కోటి 70 కిలోలు, 33 అంగుళాల పొడవు. ఆ నడవలో హాయిగా తిరుగుతుంది. ఇద్దరు మోయలేరనుకుంటే మళ్ళీ సగం చేయండి.

డిస్కులు అరడజను తెచ్చుకోండి, పోత ఇనుము వాటిని తినేస్తుంది. కంటికి పూర్తిగా మూసుకునే గాగుల్స్, చెవులకు ప్లగ్గులు, తోలు చేతి తొడుగులు కావాలి. ఎనామెల్ అంటే ఇనుము మీద కాల్చి అంటించిన గాజే. చిట్లినప్పుడు గాజు పెంకులే ఎగురుతాయి. పాత ఎనామెల్‌లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి పిల్లలు ఆ పక్కకు రాకూడదు, దుమ్మును చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో ఎత్తాలి.

నిప్పురవ్వలు పడే చోట గీజరు వైరు, ప్లాస్టిక్ బకెట్లు, థిన్నరు డబ్బాలు ఉండకూడదు. గ్రైండరుకు నీళ్ళు చల్లుతూ కోసేవాళ్ళను చూస్తుంటాం. కరెంటు మిషనుకు అది వద్దు.

#12 గుత్తి_కోట

మాది గుత్తి దగ్గర, అక్రిలిక్ టబ్, కింది అంతస్తు. ఇదంతా అవసరమా?

#13 కడప_బండ

అక్కర్లేదు సార్. అక్రిలిక్ టబ్ అంచు వెనక గోడకు చిన్న క్లిప్పులో స్క్రూలో ఉంటాయి, కింద స్టీలు ఫ్రేము, కాళ్ళు ఉంటాయి. అంచున ఉన్న సిలికాన్ జిగురును బ్లేడుతో కోసి, స్క్రూలు తీసి, వేస్ట్ విప్పితే లేచి వస్తుంది. తలుపు పట్టకపోతే జిగ్‌సాతో రెండుగా కోయండి. వెనక ఫైబర్ గ్లాస్ పొర ఉంటుంది, కోస్తే ఆ పొడి ఒంటికి దురద. నిండు చేతుల చొక్కా, మాస్కు వేసుకోవాలి. పని అయ్యాక ముందు చన్నీళ్ళతో కడుక్కోవాలి, రుద్దకూడదు. అయితే దాన్ని పాత ఇనుము అంగట్లో తీసుకోరు.

#14 తుంగభద్ర_గట్టు

టబ్ రెండు ముక్కలై కిందికి దిగింది. ఇప్పుడు అసలు సంగతి. టబ్ కింద నాలుగు అంగుళాల ఇసుక, దాని కింద ఇటుక ముక్కలు, అన్నీ తడి. పక్కన ఉన్న బాత్‌రూము నేల కంటే ఈ గుంట 6 అంగుళాలు లోతు. గోడల కింది భాగానికి ప్లాస్టరే లేదు, ఇటుక మీద తెల్లగా ఉప్పు పూసింది. మేస్త్రి ఆ గుంటలో ఇదే ఇటుక ముక్కలు మళ్ళీ నింపి పైన టైల్స్ వేస్తానంటున్నాడు.

#15 రసమట్టం

ఒప్పుకోవద్దు. ఆ తడి ఇటుక ముక్కల్లోనే మీ మరక ఉంది. వాటిని మూసేస్తే పైన ఎంత మంచి టైలు వేసినా ఆ తేమ కిందికి దిగుతూనే ఉంటుంది. స్లాబు కనిపించే దాకా అన్నీ ఎత్తేయండి.

స్లాబు బయటపడ్డాక చిన్న సుత్తితో అంతటా తట్టండి. బోలుగా మోగిన చోట కాంక్రీటు ఊడదీసి కమ్మీ చూడండి. పైపైన తుప్పు అయితే వైరు బ్రష్షుతో మెరిసేదాకా రుద్ది, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ కలిపిన మాలుతో పూడ్చొచ్చు. కమ్మీ లావు కంటికి తెలిసేంత తగ్గి ఉంటే పని ఆపి, స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. ఈ వేదికలో రాసింది చదివి ఆ నిర్ణయం తీసుకోవద్దు. కింద సీలింగులో కూడా మరక చుట్టూ తట్టి చూడండి, పెచ్చు వేలాడుతుంటే ముందే రాల్చేయాలి.

తర్వాత ఆరనివ్వాలి. మన ఎండలకు ఫ్యాను పెడితే వారంలో ఆరుతుంది, వానాకాలమైతే చెప్పలేం. ఒక పాలిథీన్ షీటు ముక్కను స్లాబుకు నాలుగు పక్కలా టేపుతో అంటించి ఒక రోజు వదలండి. లోపలి వైపు నీటి ముత్యాలు కనిపిస్తే ఇంకా ఆరలేదు.

#16 హంద్రి_ఒడ్డు

రబ్బీసు లెక్క కూడా చెప్పండి సార్, మెట్ల మీద మోసేది మనుషులే కదా.

#17 కడప_బండ

ముందు గోడ 5.5 అడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు, నాలుగున్నర అంగుళాల మందం. 40–45 ఇటుకలు వస్తాయి, మాలు, టైల్స్ కలిపి 200 కిలోలు అనుకోండి. నాలుగు అంగుళాల ఇసుక నాలుగున్నర ఘనపుటడుగులు, తడిది కాబట్టి 200 కిలోల పైనే. దాని కింద ఇటుక ముక్కలు ఇంకో వంద నుంచి రెండు వందల కిలోలు. సిమెంటు సంచిలో సగానికే నింపితే 25–30 కిలోలు, అంటే 20 సంచుల దగ్గర. నిండుగా నింపితే మెట్లు దిగేటప్పుడు సంచి చిరుగుతుంది, నడుమూ పోతుంది.

ఆ సంచులన్నీ బాల్కనీలో ఒక మూల పేర్చకూడదు. ముందుకు పొడుచుకొచ్చిన స్లాబు మీద అర టన్ను ఒకే చోట పెడితే అది గోడను అతుకున్న చోట పగులు వస్తుంది. ఎప్పటివి అప్పుడే కిందికి దించండి. దించినవి వీధి కాల్వలోనో, హంద్రి నది ఒడ్డునో పోయించొద్దు. రోడ్డుకు, కాల్వకు అడ్డంగా ఈ వ్యర్థాలు పోయకూడదని 2016 నాటి కేంద్ర నిబంధనల్లోనే చెప్పారు. చుట్టుపక్కల పునాది నింపుకునేవాళ్ళు ఉంటే ఇటుక, ఇసుక ఉచితంగానే తీసుకుపోతారు. ఎనామెల్ పెంకులు మాత్రం అందులో కలవనీయకండి.

ఇనుము తూకం మీ కళ్ళ ముందే వేయించండి. పోత ఇనుముకు, రేకు ఇనుముకు ధర వేరు. రెండు మూడు అంగళ్ళు అడిగి ఇవ్వండి.

#18 పైపు_పానా

ఇప్పుడు పైపు మాట. పాత ఒకటిన్నర అంగుళం పైపుకే షవరు కలిపేద్దామని మేస్త్రి అంటాడు, చూస్తా ఉండు. టబ్‌లో నీళ్ళు ఆలస్యంగా పోయినా పట్టించుకోం, తొట్టి పట్టుకుంటాది. షవరు కింద అట్ల కాదు, వెంట్రుకలు, సబ్బు అడ్డం పడితే నీళ్ళు బాత్‌రూమంతా పారతాయి. 4 అంగుళాల నోరు, 75 మి.మీ. అవుట్‌లెట్ ఉండే పీవీసీ నహాని ట్రాపు పెట్టాల. లోపల నీళ్ళ అడ్డు కనీసం 50 మి.మీ. ఉండేది చూసి కొనండి. అంగట్లో తక్కువ ఎత్తు ట్రాపులు అమ్ముతారు, దాంట్లో నీళ్ళ అడ్డు పేరుకే. మన ఎండలకు వారం వాడకుంటే ఆ అడ్డు ఆవిరై గ్యాసు ఇంట్లోకి వస్తాది.

మీకు 6 అంగుళాల గుంట ఉంది గాబట్టి అదృష్టం, ట్రాపు దాంట్లో పడుతాది, స్లాబు కొట్టే పని లేదు. 75 పైపుకు మీటరుకు ఒకటిన్నర సెంటీమీటరు వాటం (వాలు) ఇయ్యండి.

నీళ్ళ లైనుకు సీపీవీసీ (వేడి నీళ్ళకూ తట్టుకునే ప్లాస్టిక్ పైపు). గోడలో మిక్సర్ కాడ ఇత్తడి మర ఉండే ఎల్బోలే వాడాల, ప్లాస్టిక్ మర వద్దు. రెండు ఎల్బోల మధ్య కేంద్రం నుంచి కేంద్రానికి 150 మి.మీ., ఎడమ పక్క వేడి. సీపీవీసీ గమ్ము వేరే, పీవీసీ గమ్ము వేరే, ఒకటి బదులు ఇంకోటి వాడితే ఎప్పుడో ఒకరోజు ఊడుతాది. గోడ మూయకముందు హ్యాండ్ పంపుతో చదరపు సెంటీమీటరుకు 7 నుంచి 10 కిలోల ప్రెషరు ఎక్కించి గంట చూడండి, ముల్లు కదలకూడదు.

ఇంకో మాట. ట్యాంకు మీ బాత్‌రూము పైనే ఉంటే షవరుకూ దానికీ మధ్య ఎత్తు ఎంత? పది అడుగుల ఎత్తుకు వచ్చే ప్రెషరు 0.3 కిలోలే. వెడల్పాటి రెయిన్ షవరు పెడితే నీళ్ళు కారతాయి గానీ వాన పడదు. చిన్న తల ఉండే హ్యాండ్ షవరు పెట్టుకోండి, పెద్దోళ్ళకు కూచొని పోసుకునేదానికి కూడా అదే మేలు. పెద్దదే కావాలంటే ప్రెషరు పంపు తప్పదు.

#19 తుంగభద్ర_గట్టు

ట్యాంకు అడుగుకూ షవరుకూ 6 అడుగులే. హ్యాండ్ షవరే పెడతాం. వాటర్‌ప్రూఫింగ్ ఒకసారి చాలా, రెండుసార్లు చేయాలా? ఏ సామాను ఎంత తేవాలి?

#20 రసమట్టం

రెండు చోట్ల. మొదటిది స్లాబు మీద. రెండోది నింపిన గుంట పైన వేసే వాటం మాలు మీద, గోడలతో కలిపి. మొదటిది ఇల్లు కాపాడటానికి, రెండోది గుంటలోకి నీళ్ళు చేరకుండా. అయినా ఎప్పటికైనా చేరుతాయనే అనుకొని, స్లాబు మట్టం దగ్గర అంగుళం పీవీసీ పైపు ముక్క ఒకటి బయటి గోడ గుండా వదిలిపెట్టండి. ఏ రోజైనా అందులో బొట్టు కనిపిస్తే పైన లీకు మొదలైందని కింద సీలింగు తడవకముందే తెలుస్తుంది.

గోడల కింది భాగానికి ముందు ప్లాస్టరు చేయించండి. ఉప్పు పట్టిన ఇటుకను వైరు బ్రష్షుతో రుద్ది, దులిపి, ఆ తర్వాతే. నేల, గోడ కలిసే మూలలో మాలుతో రెండంగుళాల గుండ్రటి వంపు చేయాలి. పూత మూలల్లోనే మొదట చిట్లుతుంది. అందుకే అక్కడ ఫైబర్ జాలీ కూడా పూత మధ్యలో వేస్తారు. ట్రాపు మెడ చుట్టూ కూడా అంతే.

లెక్క: నేల 14 చదరపు అడుగులు, మూడు గోడలు 6 అడుగుల ఎత్తుకు 63. మొత్తం 77, అంటే 7 చదరపు మీటర్ల పైన. పొడి, ద్రవం కలిపి వేసే పాలిమర్ సిమెంటు పూత రెండు పొరలకు చదరపు మీటరుకు ఒకటిన్నర నుంచి రెండు కిలోలు పడుతుంది. 14 కిలోలు, స్లాబు మీది పూతకు ఇంకో 3 కిలోలు. రెండో పొర మొదటిదానికి అడ్డంగా వేయాలి, మొదటిది వేలికి అంటనంత ఆరాకే. ఎండ సూటిగా పడే కిటికీకి గుడ్డ కట్టండి, పూత త్వరగా ఆరితే పగుళ్ళు వస్తాయి.

గుంటలో పొడి, శుభ్రమైన ఇటుక ముక్కలు పల్చని మాలుతో కలిపి నింపి, పైన రెండంగుళాల వాటం మాలు 1:4 పాళ్ళలో వేయించండి. దానికి సగం బస్తా సిమెంటు, రెండున్నర ఘనపుటడుగుల ఇసుక చాలు. 5.5 అడుగుల దూరానికి 20 మి.మీ. వాటం పెట్టండి.

ఆ తర్వాత నీళ్ళు నిలబెట్టే పరీక్ష. గుమ్మం దగ్గర మాలుతో చిన్న కట్ట కట్టి, ట్రాపు మూసి, రెండంగుళాల నీళ్ళు 48 గంటలు ఉంచాలి. గోడ మీద పెన్సిలుతో గీత పెట్టండి. మన ఎండలకు నీళ్ళు వాటంతట అవే ఆవిరవుతాయి, అది చూసి లీకనుకొని మేస్త్రితో గొడవ పడతారు. అందుకని అదే గదిలో ఒక బేసిన్‌లో నీళ్ళు పెట్టి దానికీ గీత పెట్టండి. రెండూ ఒకే కొలత తగ్గితే లీకు లేదు.

#21 కొండారెడ్డి_బురుజు

బేసిన్ మాట బాగుంది. ఇన్నాళ్ళు ఆవిరైన నీళ్ళకు ఎంత మంది మేస్త్రీలు తిట్లు తిన్నారో.

#22 తుంగభద్ర_గట్టు

నేలకు కడప బండ వేద్దామా అని ఇంట్లో అంటున్నారు. మిగిలిన ముక్కలు ఉన్నాయి. ఏమంటారు?

#23 కడప_బండ

నా పేరు చూసి అవునంటాననుకోకండి. కడప బండ, బేతంచెర్ల బండ రెండూ సున్నపురాయి జాతి. బాత్‌రూము కడగడానికి మనవాళ్ళు యాసిడ్ పోస్తారు. సున్నపురాయి మీద యాసిడ్ పడితే బుస్సుమని పొంగి పై పొర పోతుంది, నున్నటి నలుపు బూడిద రంగు తిరుగుతుంది. పైగా బోరు నీళ్ళ తెల్ల చారలు నల్ల బండ మీద ఎంత తుడిచినా కనిపిస్తూనే ఉంటాయి. పాలిష్ చేసిన బండ తడిస్తే పెద్దవాళ్ళకు ప్రమాదం కూడా. అంగుళం మందం బండ చదరపు అడుగుకు 6 కిలోల పైనే తూగుతుంది, 14 అడుగులకు అది పెద్ద బరువేం కాదు గానీ ట్రాపు వైపు నాలుగు పక్కల వాటం తిప్పడానికి పెద్ద పలక లొంగదు.

అడుగు × అడుగు జారని సిరామిక్ టైలు వేయండి. అంతకంటే పెద్దదైతే వాటం మలుపు దగ్గర కోయాలి. అతికించడానికి సిమెంటు పాలు కాకుండా టైల్ అధెసివ్, 20 కిలోల సంచులు రెండు. సిమెంటు పాలతో వేస్తే టైలు కింద గాలి గుంటలు మిగిలి నీళ్ళు అక్కడే నిలుస్తాయి. సందులకు ఎపాక్సీ గ్రౌటు, గోడకూ నేలకూ మధ్య మాత్రం సిలికాన్.

మీ బండ ముక్కల్ని షవరు చోటుకూ మిగతా నేలకూ మధ్య అడ్డుపట్టీగా వాడండి. 4 అంగుళాల వెడల్పు, నేల నుంచి అంగుళం ఎత్తు చాలు. రెండు అంచులూ గుండ్రంగా రుద్దించి, పై భాగాన్ని లోపలి వైపుకు రెండు మిల్లీమీటర్లు వాల్చండి. ఎత్తు పెంచితే మళ్ళీ కాలు తగులుతుంది, అప్పుడు టబ్ తీసిందెందుకు?

#24 హంద్రి_ఒడ్డు

పెద్దవాళ్ళ కోసమంటున్నారు కాబట్టి పట్టుకునే స్టీలు కడ్డీ ఇప్పుడే నిర్ణయించుకోండి. నేల నుంచి 33–36 అంగుళాల ఎత్తులో. టైల్స్ అయ్యాక గోడకు డ్రిల్లు వేస్తే వాటర్‌ప్రూఫింగ్ పూతకు బొక్క పడుతుంది కదా?

#25 రసమట్టం

పడుతుంది. అందుకే కడ్డీ ఎక్కడొస్తుందో ప్లాస్టరు అప్పుడే గుర్తు పెట్టి, ఆ చోట ఇటుక గట్టిగా ఉందో లేదో చూసుకోండి. పాత పైపు గాడి పూడ్చిన చోట కడ్డీ బిగిస్తే మనిషి బరువుకు ఊడి వస్తుంది. కొత్త సీపీవీసీ లైను ఎటు పోతుందో గోడ మూయకముందు కొలత టేపు పక్కన పెట్టి ఫోటో తీసుకోండి, డ్రిల్లు పైపు మీద పడకుండా. టైలుకు రంధ్రం వేశాక దుమ్ము ఊది, ప్లగ్గు దూర్చే ముందు రంధ్రం నిండా సిలికాన్ నింపి, స్క్రూ బిగించినప్పుడు బయటికి పొంగినదాన్ని కడ్డీ పలక కింద చుట్టూ రాయండి. స్క్రూలు స్టెయిన్‌లెస్‌వే వాడండి, మామూలువి మన ఉప్పు నీళ్ళకు రెండేళ్ళలో టైలు మీద తుప్పు చారలు కార్చేస్తాయి.